ఎండే చెరువు, తేలే పుట్టి: పశ్చిమ ప్రకాశంలో చవక జలయానాల చరిత్ర

వ్యాససంగ్రహం

చెరువుల చరిత్ర అనగానే కట్ట, తూము, ఆయకట్టు, దాత పేరు పరిశోధకుల దృష్టికి వస్తాయి. ఆ నీటి మీద తిరిగిన చిన్న పడవలు అరుదుగా మాత్రమే వస్తాయి. నల్లమల, వెలికొండల నడుమ ఉన్న కంభం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ లోటును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పుట్టి, తెప్ప వంటి చవక జలయానాలు నిలకడలేని నీటికి తగినట్లు తీర్చుకున్న సాంకేతిక నిర్ణయాలని ఇందులో ప్రతిపాదించడం జరిగింది. ఈ ప్రతిపాదనను పరీక్షించడానికి, లోతులేని నీటికోసమే పాశ్చాత్యులు రూపొందించిన ఎయిర్‌బోటుతో పుట్టిని పోల్చడం జరిగింది.

కీలకపదాలు: కంభం చెరువు, గుండ్లకమ్మ, పుట్టి, అరిగోలు, తెప్ప, మేదరి అల్లిక, ఎయిర్‌బోటు.

1. ఉపోద్ఘాతం

గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం లోయలోకి దిగి, మార్కాపురం ప్రాంతం మీదుగా తూర్పుకు సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. కంభం దగ్గర రెండు కొండల మధ్య ఇరుకులో దానికి అడ్డంగా వేసిన కట్టే కంభం చెరువును సృష్టించింది. కట్ట ఎత్తు 57 అడుగులు. నిండినప్పుడు నీటి నిడివి సుమారు 7 కిలోమీటర్లు, వెడల్పు 3.5 కిలోమీటర్లు. 20వ శతాబ్దారంభంలో దీని కింద సుమారు 10,300 ఎకరాలు సాగయ్యేవని నాటి గెజిటీరు లెక్క. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం ఈ చెరువును ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. అదే ఏడు ఆ గుర్తింపు పొందినవాటిలో కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కూడా ఉంది.

ఇంత ప్రసిద్ధి ఉన్న జలాశయం మీద చేపలవేటకు, దరి నుండి దరికి దాటడానికి, కట్ట లోపలివైపు మరమ్మతులకు ఏదో ఒక జలయానం అవసరమై ఉండాలి. ఆ జలయానం గురించి ప్రసిద్ధ ఆధారాలలో వెదికితే దాదాపు ఏమీ దొరకదు. ఈ మౌనానికి కారణాలను ముందుగా చూడవలసి ఉంది.

2. ఆధారాల మౌనం

పోరుమామిళ్ల శాసనం (1369) తెలుగునాట చెరువుల నిర్మాణశాస్త్రానికి తలమానికం. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయించిన ఈ శాసనం చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను వివరిస్తుంది. రెండేళ్లపాటు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు కూడా చెబుతుంది. ఆ పన్నెండు అంగాలలో జలశాస్త్రం తెలిసినవాడు ఉన్నాడు, రాతి గని ఉంది, గట్టి నేల ఉంది. పడవ లేదు. శాసనకర్త దృష్టిలో చెరువు పొలానికి నీరిచ్చేది, పుణ్యమిచ్చేది. ఆ నీటి మీద బతికేవారు ఆ చట్రంలోకి రాలేదు. ఆరు దోషాలలో ఒకటి మాత్రం ఈ చర్చకు పనికివస్తుంది: నీరు తక్కువై నేల ఎక్కువ కావడం. కంభం లోయలోని చెరువులకు వర్షం తప్పిన ఏటల్లా పట్టే దోషం అదే.

వలసపాలనా కాలపు పత్రాలకు మరో చిక్కు ఉంది. 1800లో దత్తమండలాలతోపాటు కుంఫిణీ చేతికి వచ్చిన కంభం, మార్కాపురం ప్రాంతాలు 1858 వరకు కడప జిల్లాలో, ఆ తరువాత కర్నూలు జిల్లాలో ఉన్నాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు దానిలో చేరాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు వచ్చింది. కాబట్టి ఈ ప్రాంతపు రెవెన్యూ చరిత్రను వెదికేవారు మూడు జిల్లాల పత్రాలను తిరగవేయాలి. 1875 నాటి గ్రిబుల్ కడప మాన్యువల్‌ నాటికే కంభం ఆ జిల్లాను వీడింది. 1886 నాటి గోపాలకృష్ణమ్మ చెట్టి కర్నూలు మాన్యువల్‌కు కంభం తూర్పు అంచు. పాలకులకు ఎప్పుడూ పొలిమేరగానే మిగిలిన ప్రాంతమిది. పైగా ఆ మాన్యువళ్ల ప్రధాన శ్రద్ధ శిస్తు మీద. పుట్టికి శిస్తు లేదు.

చట్టాలలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. 1890 నాటి మద్రాసు కాలువలు, ప్రజా రేవుల చట్టం కాలువల్లో నడిచే పడవలను, కిరాయికి దాటించే రేవులను అదుపులోకి తెచ్చింది. ఒక బెస్త తన చెరువులో తన వల వేసుకోవడానికి వాడే పుట్టి ఆ లెక్కకు అందదు. ఆదాయం ఉన్నచోట పత్రం పుట్టింది, లేనిచోట పుట్టలేదు. ఈ విధంగా చూస్తే పత్రాల మౌనాన్ని జలయానాలు లేకపోవడంగా అర్థం చేసుకోవడం పొరపాటు.

3. పదాలు చెప్పే చరిత్ర

పత్రాలు మౌనం వహించినచోట పదాలు కొంత మాట్లాడతాయి. 'పుట్టి' అనే మాటకు తెలుగులో రెండు ప్రసిద్ధార్థాలున్నాయి. ఒకటి వెదురుతో అల్లిన గుండ్రని పడవ, రెండు ఇరవై తూముల ధాన్యపు కొలత. తమిళంలో 'పుట్టిల్' అంటే బుట్ట. తెలుగు 'బుట్ట' ఈ కుటుంబానికి దగ్గరిదే. అంటే జనం ఈ పడవను చెక్కిన దోనెగా గాక అల్లిన గంపగా చూశారు. అల్లేవాని పని మేదరి పని, వడ్రంగి పని కాదు. పేరులోనే తయారీ విధానం ఉంది.

దీనికే 'అరిగోలు' అనే మరో పేరుంది. కన్నడంలో ఇది 'హరిగోలు', తమిళంలో 'పరిసల్'. కన్నడంలో పదాది పకారం హకారంగా మారడం ప్రసిద్ధమైన ధ్వనిపరిణామం. తెలుగు రూపంలో ఆ పకారం లేకపోవడాన్ని బట్టి, ఈ మాట కన్నడంలో ఆ మార్పు జరిగిన తరువాతే తెలుగులోకి వచ్చి ఉంటుందని ఊహించవచ్చు. తుంగభద్రా తీరంనుంచి తూర్పుకు సాగిన దారి దీనిలో కనబడుతుంది. కోస్తాలో కథ వేరు. దుంగలను జతచేసి కట్టే 'సంగడి' అక్కడి మాట. క్రీస్తుశకం 1వ శతాబ్దపు గ్రీకు నౌకాయాన గ్రంథం 'పెరిప్లస్' కోరమాండల్ తీరంలో దుంగలు కూర్చి కట్టిన 'సంగర' అనే ఓడలను పేర్కొన్నది. పశ్చిమ ప్రకాశం ఈ రెండు సంప్రదాయాల నడుమ ఉన్నా, దాని కొండలూ అడవులూ దానిని పుట్టి సంప్రదాయంవైపే మొగ్గేలా చేశాయి. తాటిదుంగ కోస్తాకు సులభం. నల్లమల అంచులో సులభంగా దొరికేది వెదురు.

విజయనగర కాలానికి వస్తే ఒక విలువైన సాక్ష్యం ఉంది. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఆనెగొంది దగ్గర జనం బుట్టలవంటి గుండ్రని పడవలలో నది దాటడాన్ని వర్ణించాడు. లోపల బెత్తపు అల్లిక, బయట తోలు, పదిహేను ఇరవైమందిని మోసే శక్తి, తిన్నగా పోక గిరగిరా తిరిగే నడక అతని దృష్టిని ఆకర్షించాయి. రాజ్యమంతటా ఏరులున్నచోట ఇవి తప్ప వేరు పడవలు లేవని కూడా అతడు రాశాడు. యాత్రికుల మాటల్లో అతిశయోక్తి సహజం. రాజ్యమంతా పాయెస్ తిరిగినవాడు కాడు. అయినా, కంభం చెరువును కృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని స్థానిక సంప్రదాయం చెప్పే కాలమూ ఇదే. ఈ రెండు విషయాలను పక్కపక్కన పెట్టినప్పుడు, కంభం నీటి మీద తొలినాళ్లలో తిరిగినవి పుట్లేనన్న అభిప్రాయానికి బలం చేకూరుతుంది. అది నిరూపణ కాదు, ఆధారమున్న ఊహ.

4. పుట్టి నిర్మాణం: మూడు వృత్తుల కలయిక

పుట్టి నిర్మాణక్రమం సరళంగా కనిపించినా అందులో లెక్క ఉంది. వెదురును నిలువునా చీల్చి బద్దలు తీస్తారు. నేల మీద బద్దలను అడ్డదిడ్డంగా పరచి మధ్యభాగాన్ని ముందు అల్లుతారు. ఆ నడిమి అల్లిక మీద రాళ్ల బరువు పెట్టి, అంచులను పైకి వంచుతూ చుట్టూ గోడ లేపుతారు. పై అంచుకు బద్దలను మోపుగా కలిపి గట్టి కట్టు కడతారు. పుట్టి బలమంతా ఆ కట్టులోనే ఉంటుంది. తరువాత పైపూత. పూర్వం ఎద్దు, బర్రె తోళ్లను కుట్టి తొడిగేవారు. ఒక మేకు గాని, చెక్క అతుకు గాని అక్కరలేదు.

వెదురు చీల్చి అల్లేవారు మేదరులు, తోలు పదును చేసి కుట్టేవారు మాదిగలు, నీటి మీద నడిపేవారు బెస్తలు, బోయలు. చెరువు కట్టించిన దాత పేరు రాతికెక్కింది. ఈ మూడు వృత్తులవారి జ్ఞానం మాత్రం చేతినుంచి చేతికి మాత్రమే సాగింది. సామాజిక చరిత్రకారులు పుట్టిని ప్రత్యేకంగా పరిశీలించవలసిన కారణాలలో ఇది ముఖ్యమైనది.

గణితపరంగా కూడా పుట్టి ఆసక్తికరమైనదే. నీటిని తాకే అడుగు వ్యాసం 2 మీటర్లనుకొంటే దాని వైశాల్యం సుమారు 3.14 చదరపు మీటర్లు. అటువంటి అడుగు ఒక్క సెంటీమీటరు మునగడానికి 31 కిలోల బరువు కావాలి. ఇద్దరు మనుషులు, తడిసిన వల, పట్టిన చేపలు, పుట్టి సొంత బరువు కలిపి 220 కిలోలైతే మునిగేది 7 సెంటీమీటర్లు. అడుగు కొంత గుంటగా ఉంటుంది గనుక ఇంకొంచెం కలుపుకున్నా జానెడు నీరు చాలు. చెరువు వెనుకకు తగ్గినకొద్దీ మిగిలేది నాచు, తుంగ, బురద, మోకాటిలోతు నీరు. అటువంటిచోట వెన్నుదూలం ఉన్న చెక్కపడవ నేలకు తగిలి నిలిచిపోతుంది. పుట్టి సాగుతుంది. సాగనిచోట మనిషి దిగి దానిని బోర్లించి తలమీద పెట్టుకొని నడిచిపోతాడు.

ఇక్కడే ఈ వ్యాసం ప్రధాన ప్రతిపాదన నిలుస్తుంది. పశ్చిమ ప్రకాశం చెరువులు వానమీద ఆధారపడినవి. ఒక ఏడు అలుగు పారితే తరువాత కొన్నేళ్లు చెరువు నడుమ పశువులు మేస్తాయి. అలాంటి నీటి మీద ఖరీదైన చెక్కపడవ మదుపు తిరిగిరాదు. నీరులేని ఏళ్లలో దాని చెక్కలు ఎండి బీటలు వారుతాయి, అతుకులు విచ్చుకుంటాయి. పుట్టి అయితే పంచన బోర్లించి ఉంచవచ్చు. పాడైనా నష్టం కొన్ని వెదుళ్లు, కొన్ని రోజుల కూలి. మళ్లీ చెరువు నిండినప్పుడు మళ్లీ అల్లుకోవచ్చు. పుట్టి చవకతనాన్ని కేవలం లేమికి గుర్తుగా చూసినప్పుడు ఈ వివేకం కనుమరుగవుతుంది. పాలకులు కూడా ఈ గుణాన్ని గుర్తించిన సందర్భముంది. 1803 మరాఠా యుద్ధంలో ఆర్థర్ వెల్లెస్లీ దక్కను నదులు దాటడానికి తన సైన్యానికి పుట్లను తయారు చేయించాడు.

5. తోలునుంచి థర్మోకోల్ దాకా

పుట్టి ఆకారం శతాబ్దాలుగా పెద్దగా మారలేదు, పైపూత మాత్రం మారుతూ వచ్చింది. 19వ శతాబ్దం రెండవ భాగంలో మద్రాసు రాష్ట్రంనుంచి తోళ్ల ఎగుమతి విస్తరించింది. 1876-78 కరువులో కర్నూలు, కడప జిల్లాల పశుసంపద భారీగా నశించింది. ఊరిలో వాడుకకు దొరికే తోలు అంతర్జాతీయ సరుకుగా మారడం, పశువులు తగ్గడం అనే రెండు కారణాలు తోలుపుట్టిని క్రమంగా ఖరీదైన వస్తువుగా మార్చి ఉంటాయి. తారు పూసిన గుడ్డ, గోనె దాని స్థానంలోకి వచ్చాయి. తోలుకు నూనె పట్టించాలి, ఎండబెట్టాలి, లేకపోతే కుళ్లుతుంది. తారుకు ఆ బాధ లేదు. హరితవిప్లవం తరువాత ఎరువుల ప్లాస్టిక్ సంచులు గోనెను తప్పించాయి. ఇప్పుడు సంచులను కలిపి కుట్టి, అల్లికకు తొడిగి, కాచిన తారు పూస్తారు. పొలానికి వచ్చిన ఎరువు సంచి చెరువులో పడవగా మారడం గ్రామీణ సాంకేతికతకు చక్కని ఉదాహరణ.

ఈ మార్పులో మాదిగల పాత్ర తొలగిపోయింది. తరువాత వచ్చిన ఫైబర్ పుట్టితో మేదరుల పాత్ర కూడా తొలగింది. ఫైబర్ పుట్టి మన్నిక ఎక్కువే. కాని పగిలితే ఊరిలో బాగుచేసుకోవడం కష్టం. వెదురుపుట్టికి చిల్లు పడితే సంచి ముక్క, తారు ముద్ద చాలు. మరోవైపు లారీ ట్యూబులతో, థర్మోకోల్ పలకలతో కట్టే తెప్పలు తెలుగు ప్రాంతపు చెరువులలో విరివిగా కనిపిస్తున్నాయి. పూర్వం ఈతకు కట్టుకున్న సొరకాయ బుర్ర, వలకు కట్టిన జీలుగు బెండు చేసిన పనినే థర్మోకోల్ చేస్తున్నది: తేలిక పదార్థంలో గాలిని బంధించడం. అయితే జీలుగు బెండు చివికి మట్టిలో కలుస్తుంది. థర్మోకోల్ పూసలుగా రాలి చెరువులోనే ఉండిపోతుంది. దాని మీద నిలబడేవానికి ఒరిగినప్పుడు ఆపుకొనే అంచు కూడా లేదు. చవకతనం ఇక్కడ భద్రతను తినేసిందని చెప్పక తప్పదు.

6. గాలితో నడిచే పడవ: ఒక పోలిక

లోతులేని నీరు, నాచు, బురద అనే సమస్య పశ్చిమ ప్రకాశానికే పరిమితం కాదు. ప్రపంచంలో ఇతరచోట్ల దీనికి యంత్రయుగం ఇచ్చిన జవాబు ఎయిర్‌బోటు. అడుగు చదునుగా ఉన్న పడవ వెనుక, నీటికి పైన, విమానానికుండే పంకా బిగిస్తారు. నీటిలో తిరిగే భాగం ఏదీ లేదు గనుక నాచు చుట్టుకోదు, రాయి తగలదు. 1905లో కెనడాలోని బెడెక్ దగ్గర అలెగ్జాండర్ గ్రాహం బెల్ బృందం గాలిపంకాలను పరీక్షించడానికి ఇలాంటి జంట పడవను నడిపింది. 1930లలో అమెరికాలోని ఫ్లోరిడా చిత్తడినేలల్లో వేటగాళ్లు పాత విమాన, కారు ఇంజన్లతో సొంతంగా వీటిని తయారుచేసుకున్నారు. శీతలదేశాలలో గడ్డకట్టిన సరస్సు మీద జారి, మంచు విరిగినచోట నీటిలో తేలే వాహనంగా ఇవి రక్షణ పనులకు ఉపయోగపడుతున్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషు సైన్యం టైగ్రిస్ నదిపై గాలిపంకా పడవలను వాడింది. బాగ్దాదు జనం కీలు పూసిన గుండ్రని బుట్టపడవ 'గుఫా'లో తిరుగుతున్న నది కూడా అదే. ఎగువన ఉన్న అర్మేనియా నుండి నది మీదుగా దిగివచ్చిన తోలుపడవలను క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో హెరోడోటస్ వర్ణించాడు. బాబిలోనులో సరుకు అమ్మాక చట్రాన్ని విప్పి అమ్మేసి, తోళ్లను గాడిదల మీద వేసుకొని వర్తకులు తిరిగి వెళ్లేవారని అతని కథనం.

మద్రాసు మత్స్యశాఖ డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ దక్షిణభారత పుట్లను, మెసొపొటేమియా గుఫాలను, బ్రిటన్ తోలుపడవలను పక్కపక్కన ఉంచి అధ్యయనం చేసిన తొలి పండితులలో ఒకడు. 1933 నాటి వ్యాసంలోనూ, 1946 నాటి జలరవాణా గ్రంథంలోనూ ఆయన ఈ విషయాన్ని చర్చించాడు. అయితే ఆ చర్చలో ప్రధానస్థానం నదులదే. చెరువు పుట్టికి ఉండే ప్రత్యేక సమస్య, అంటే నీరే లేని ఏళ్ల సమస్య, నది పుట్టికి అంతగా లేదు.

తక్కువ ఖర్చుతో ఎయిర్‌బోటు తయారుచేసి చెరువులో దింపవచ్చు గదా అనే ప్రశ్న సహజం. పాత మోటారు సైకిలు ఇంజను, కొయ్య పంకా, చదును అడుగు ఉంటే అది తేలుతుంది, నడుస్తుంది కూడా. చిక్కు ఇంధనం దగ్గర వస్తుంది. గాలి నీటికంటే సుమారు 800 రెట్లు పలుచన. నిలిచి ఉన్న పడవను 20 కిలోల బలంతో నెట్టాలంటే, 20 సెంటీమీటర్ల నీటిపంకాకు సిద్ధాంతరీత్యా సుమారు 360 వాట్ల శక్తి చాలు. ఒక మీటరు గాలిపంకాకు 2,000 వాట్లు దాటుతుంది. వాస్తవంలో నష్టాలు కలిపితే రెండు అంకెలూ పెరుగుతాయి. చేప అమ్మిన డబ్బు పెట్రోలుకే పోయే లెక్క ఇది. రొద చేపలనూ పక్షులనూ బెదరగొడుతుంది. పంకా చుట్టూ గట్టి జాలీ లేకపోతే ప్రాణాపాయం. పుట్టికే పంకా బిగిద్దామన్నా కుదరదు. గుండ్రని అడుగుకు దిశ లేదు గనుక, నెట్టుడు బలం నడిమి రేఖనుంచి కొంచెం తప్పినా అది గిరగిరా తిరుగుతుంది. పాయెస్ చూసిన తిరుగుడుకు కారణమూ ఇదే. నడిపేవాడు తెడ్డును అంచు ముందువైపు వేసి తనవైపు లాక్కోవడంతో ఆ తిరుగుడును అదుపు చేస్తాడు. యంత్రానికి ఆ ఒడుపు లేదు.

రెండు జలయానాలూ ఒకే సూత్రం మీద నిలిచాయి: వెడల్పయిన అడుగు, తక్కువ మునక, నీటికింద పొడుచుకొని వచ్చే భాగం లేకపోవడం. తేడా వేగంలోనూ ఖర్చులోనూ ఉంది. వరద సహాయక చర్యలలో, చిత్తడిలో చిక్కుకున్నవారిని చేరడంలో వేగం ప్రాణం నిలుపుతుంది. అక్కడ ఎయిర్‌బోటుకు సాటిలేదు. రోజువారీ వేటకు మాత్రం పుట్టికే మార్కులు వేయాలి.

7. భద్రత, నమోదు, రాబోయే నీరు

2017 నవంబరు 12న విజయవాడ దగ్గర కృష్ణా, గోదావరి పవిత్ర సంగమంలో పడవ మునిగి మరణించినవారిలో ఒంగోలు వాసులు అనేకులు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మరో పెద్ద ప్రమాదం జరిగింది. అవి రెండూ యంత్రం ఉన్న పర్యాటక పడవలు. అయినా ఆ తరువాత జలయానాలన్నిటి భద్రత చర్చకు వచ్చింది. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 దేశీయ నౌకల చట్టం యంత్రంలేని పడవలకు కూడా ఒక అధ్యాయం కేటాయించి, వాటి నమోదును స్థానిక పాలనాసంస్థల స్థాయికి చేర్చే ఏర్పాటు చేసింది. పోరుమామిళ్ల శాసనం, కర్నూలు మాన్యువల్, 1890 చట్టం విడిచిపెట్టిన పుట్టికి తొలిసారిగా పత్రంలో చోటు దొరికే అవకాశమిది. ఆ నమోదులో పడవ కొలతలతోపాటు అల్లినవారి పేరు, వాడిన పదార్థం కూడా రాస్తే రేపటి పరిశోధకులకు ఆధారం దొరుకుతుంది. రుసుముల భారంగా మారితే మాత్రం పుట్లు మళ్లీ లెక్కకు అందకుండా పోతాయి.

ఈలోగా నీటి స్వభావమే మారబోతున్నది. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు శ్రీశైలం జలాశయంలోని కొల్లంవాగునుంచి నల్లమల కింద 18.8 కిలోమీటర్ల జంట సొరంగాల ద్వారా కృష్ణా వరదనీటిలో 43.5 టీఎంసీలను తూర్పుకు తేవడానికి ఉద్దేశించినది. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల సందులను మూసి నిర్మించిన నల్లమల సాగరం దానికి జలాశయం. కంభం చెరువు అంచుల్లో మోకాటిలోతు నీటికి అలవాటుపడిన పుట్టికి ఈ లోతు, ఈ గాలి, ఈ అలలు కొత్త. శ్రీశైలం నిండిన తరువాత కోస్తానుంచి జాలరులు తమ వలలతో పడవలతో అక్కడికి వలస వచ్చినట్లే, ఇక్కడికీ కోస్తా పడవ వచ్చే అవకాశం ఉంది. అప్పుడు సంగడి సంప్రదాయం, పుట్టి సంప్రదాయం ఒకే నీటి మీద ఎదురుపడతాయి. చెరువుకు ఒక పడవ, జలాశయానికి ఒక పడవ అని మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు మత్స్యకారులు రెండింటినీ ఉంచుకుంటారా, లేక ఫైబర్ పడవ వచ్చి వెదురు అల్లికను పూర్తిగా తోసేస్తుందా అన్నది ఆ జలాశయం నిండిన తొలి పదేళ్లలో తేలిపోతుంది. క్షేత్రపరిశీలన ఇప్పుడే మొదలుకావడానికి అదొక కారణం. అల్లడం తెలిసిన మేదరి కుటుంబాలు ఇంకా ఉన్నాయి, నల్లమల వెదురూ ఇంకా ఉంది.